ఒక్కడా, 53 మందా? మా నాన్నని ఈ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది

కాలువగట్టు (ప్రశ్న):

మా అమ్మాయి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. సంక్రాంతికి ఇంటికొచ్చింది. రాత్రి అన్నాల దగ్గర, ఎథిక్స్ పేపర్ కోసం చదివిన ప్రశ్న ఒకటి వాళ్ళ తాతయ్యని అడిగింది. అదుపు తప్పిన ట్రామ్ వస్తోంది, పట్టాల మీద ఐదుగురున్నారు, పక్క పట్టాల మీద ఒక్కడే. "మళ్ళిస్తావా తాతయ్యా? నువ్వు డ్రైవర్‌వి కదా, నువ్వే చెప్పాలి" అంది. నాన్న కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేసి, లేచి చెయ్యి కడుక్కున్నారు. పిల్ల బిత్తరపోయింది. దానికి తెలీదు, మేమెప్పుడూ చెప్పలేదు.

నాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. 1996 జులై, పశ్చిమ గోదావరిలో కాలువ గట్టు రోడ్డు. పొద్దున్న ట్రిప్పు, సన్నగా వాన. ఎడం పక్క నిండు కాలువ, కుడి పక్క చేలు. చేలలోంచి గట్టెక్కే బాటలో, పాల క్యాన్లు కట్టుకున్న సైకిల్ మీద ఒక కుర్రాడు ఒక్క ఊపున రోడ్డు మీదికి వచ్చేశాడు. పదహారేళ్ళుంటాయి. నాన్న స్టీరింగ్ తిప్పలేదు. బ్రేక్ మీద లేచి నిలబడిపోయారు. బస్సు ఆగేసరికి సైకిల్ కింద ఉంది. రెండో రోజు ఆస్పత్రిలో ఆ అబ్బాయి పోయాడు. కేసు నాలుగేళ్ళు నడిచి కొట్టేశారు. బస్సులో 53 మంది ఉన్నారని కండక్టర్ కోర్టులో చెప్పాడు.

"ఒక్కడు పోతే పోయాడు, యాభై మందిని కాపాడావు" అని ఊళ్ళో వాళ్ళు ఓదార్చేవారు. ఆ మాటంటేనే ఆయనకి కోపం. ఇప్పటికీ నా కారులో ముందు సీట్లో కూర్చోరు. వెనక కూర్చున్నా, ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కుడి కాలు నేలని తొక్కేస్తుంది.

ఆయన చేసింది ఒకడిని బలిపెట్టి మిగతావాళ్ళని కాపాడడమేనా? చదువుకున్నవాళ్ళు, బండి నడిపేవాళ్ళు చెప్పండి. ఆయనకి చదివి వినిపిస్తాను.

బెజవాడ వకీలు:

చట్టం సంగతి చెప్తాను. 1860 నాటి ఐపీసీ 81వ సెక్షన్‌లో (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 19) అచ్చంగా ఇలాంటి ఉదాహరణే ఉంది. ఒక స్టీమర్ కెప్టెన్, తన తప్పేమీ లేకుండానే, 20, 30 మందున్న పడవని గుద్దేసే స్థితిలో పడ్డాడు. దారి మళ్ళిస్తే ఇద్దరే ఉన్న ఇంకో పడవకి తగలొచ్చు, తగలకపోవచ్చు కూడా. ఆ ఇద్దర్నీ గుద్దాలన్న ఉద్దేశం లేకుండా, ఎక్కువమందిని తప్పించడానికే మళ్ళిస్తే నేరం కాదు.

ఆ 'ఉద్దేశం' దగ్గరే అంతా ఉంది. 1884లో మిన్యొనెట్ అనే ఇంగ్లీషు ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో మిగిలారు. ఆకలికి తాళలేక ఇద్దరు కలిసి రిచర్డ్ పార్కర్ అనే 17 ఏళ్ళ కుర్రాణ్ణి చంపారు, ముగ్గురు తిని బతికారు. కోర్టు అది హత్యే అంది. ఉరిశిక్ష వేసి, తర్వాత ఆరు నెలల జైలుకి తగ్గించారు. అక్కడ కుర్రాడి చావే వాళ్ళకి కావాలి. మీ నాన్నగారికి ఆ అబ్బాయి చావుతో ఏం పని? అతను సైకిల్ తిప్పుకుని పక్కకి పోయుంటే అందరికంటే ఎక్కువ సంతోషపడేది ఆయనే.

తెలుగు మాస్టారు:

మీ అమ్మాయి చదివిన ప్రశ్నని 1967లో ఫిలిపా ఫుట్ అనే తత్వవేత్త మొదట డ్రైవర్ గురించే వేసింది. ట్రామ్ పట్టాలు మార్చే మీట (లీవర్) పట్టుకుని బయట నిలబడ్డ మనిషి తర్వాతి వాళ్ళ రాతల్లో వచ్చాడు. కానీ నాన్నగారిది తలకిందుల కథండీ. బండి పోయే దారిలోనే ఒక్కడున్నాడు, మళ్ళిస్తే 53 మంది. ఆయన ఎవరి మీదికీ బండి తిప్పలేదు.

నాకు బకాసురుడి కథ గుర్తొస్తోంది. బండెడు అన్నం, రెండు దున్నలు, వాటితో ఒక మనిషి. ఏకచక్రపురంలో ఆ ఇంటికి వంతు వచ్చినప్పుడు తండ్రి నేను పోతానన్నాడు, తల్లి నేనంది, కూతురు నేనంది. గడ్డిపరక పట్టుకున్న పసివాడు కూడా దాంతో రాక్షసుణ్ణి చంపుతానన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ పక్కవాణ్ణి చూపించలేదు. తన ప్రాణమైతే ఇస్తానని అనొచ్చు. వెనక కూర్చున్న 53 మంది ప్రాణాలు నాన్నగారు ఎలా ఇస్తారు?

పాత స్టీరింగ్:

22 ఏళ్ళు లారీ నడిపానన్నా. తడి రోడ్డు, నిండా లోడు. బ్రేక్ తొక్కి స్టీరింగ్ తిప్పావంటే వెనక చక్రాలు జారిపోతాయి, ఇక బండి నీ మాట వినదు. క్లీనర్‌గా ఉన్నప్పుడే మా గురువు ఇది నూరిపోశాడు. అందుకే చేతులు కదలవు. అప్పుడు లెక్కలు వెయ్యడానికి టైమ్ ఉండదు, లెక్కంతా తర్వాత పడుకున్నప్పుడు మొదలవుతుంది. ఒకసారి ఒక ముసలమ్మ అడ్డొస్తే ఖాళీ లారీని చేలోకి దింపేశాను. భుజం ఎముక విరిగింది, అంతే. ఆ రాత్రి ఆస్పత్రిలో హాయిగా నిద్రపోయాను. నాన్నగారిని ఒక్కటి అడుగు: బస్సు ఖాళీగా ఉంటే తిప్పేవారా?

కాలువగట్టు:

అన్నీ చదివి వినిపించాను. మా అమ్మాయి కూడా పక్కనే కూర్చుంది, దానికి అంతా చెప్పాం. చట్టం గురించి తల వంచుకుని విన్నారు. పాత స్టీరింగ్ గారి ప్రశ్న రెండుసార్లు చదివించుకున్నారు. చాలాసేపు ఊరుకుని, "తిప్పేవాణ్ణిరా. నాకు ఈత వచ్చు" అన్నారు.

తర్వాత, ఆ లారీ ఆయన ఏ రూట్లో నడిపేవాడో కనుక్కోమన్నారు. అన్నా, అభ్యంతరం లేకపోతే నాకు మెసేజ్ పెట్టండి. ఆయన మీతో మాట్లాడతారట.