ఫార్మా కంపెనీలో కమ్యూనికేషన్స్ టీమ్ లీడ్ బాధ్యత: మొదట ఏం సరిచేసుకోవాలి?

గచ్చిబౌలి_గువ్వ:

అందరికీ నమస్కారం. ఆఫీసు గచ్చిబౌలిలో, ప్లాంట్లు బొల్లారం, పాశమైలారంలలో. లిస్టెడ్ ఫార్మా కంపెనీ. కమ్యూనికేషన్స్‌లో నలుగురం. ప్రెస్ నోట్ రాయడం, క్లిప్పింగులు కట్టి పైకి పంపడం చేతికి అలవాటైన పనే. వచ్చే నెల నుంచి టీమ్ బాధ్యత నాది. మూడు సందేహాలు.

ఒకటి, పైవాళ్లు ఇప్పటికీ "ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చింది, అంత చోటుకి యాడ్ ఇస్తే ఎంతయ్యేది" అనే లెక్కే అడుగుతారు. దాని బదులు ఏం చూపించాలి?

రెండు, ప్లాంట్‌లో ప్రమాదం జరిగితే మొదటి గంటలో ఎవరేం చేయాలో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు.

మూడు, "ఇలా రాసెయ్, ఎవరు చూస్తార్లే" అన్నప్పుడు గొడవ కాకుండా కాదనడం ఎలా?

నాయకత్వం మీద ఉపన్యాసాలు వద్దండీ, చాలా విన్నాం. సోమవారం ఆఫీసుకెళ్లి మొదలుపెట్టగలిగేవి చెప్పండి.

పాత_ప్రెస్‌నోట్:

యాడ్ లెక్క సంగతి ముందు. దీన్ని ఈ రంగం వాళ్లే 2010లో బార్సిలోనా సూత్రాల్లో (పీఆర్ పని ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే నియమాలు) తీసి పక్కన పెట్టారు. అయినా బతికే ఉంది, ఎందుకంటే ఎక్సెల్‌లో వేయడం తేలిక, అంకె పెద్దగా కనిపిస్తుంది. అందులోని తప్పేమిటంటే, మీ కంపెనీని తిట్టిన వార్తకి కూడా అదే రేటు కట్టేస్తుంది. అర పేజీ తిట్లు పడితే అర పేజీ లాభం!

బదులుగా నెలకి ఒక్క పేజీ చాలు. ఏ మాట జనానికి చేరాలనుకున్నాం, అది వార్తలో వచ్చిందా, ఎవరి మాటగా వచ్చింది, ఏ తప్పులు పడ్డాయి, వాటిలో ఎన్ని సరిచేయించాం. చివర్లో ఇంకొక్కటి: ఈ నెలలో విలేకరులు అడిగిన ప్రశ్నల్లో కంపెనీ దగ్గర జవాబు లేనివి ఏవి. సీఈవో నిజంగా చదివేది ఈ చివరిదే, మిమ్మల్ని రివ్యూ మీటింగ్‌కి పిలిపించేదీ అదే. పాత లెక్కని ఒక్కసారిగా ఆపకండి, పైవాళ్లు ఏదో దాస్తున్నారనుకుంటారు. రెండు త్రైమాసికాలు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంచి, తర్వాత తీసేయండి. అప్పటికి ఎవరూ అడగరు.

ఇక ప్రమాదం. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను.

హోల్డింగ్ స్టేట్‌మెంట్, అంటే పూర్తి వివరాలు తెలిసేలోగా ఇచ్చే మొదటి ప్రకటన, ఈ వారమే, తీరిక ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి. తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఒక్కోటి 60 నుంచి 80 మాటలు. ఎక్కడ, ఎన్ని గంటలకి, ఏ బ్లాక్‌లో అన్నవి ఖాళీలు. ఫైర్ సర్వీస్‌కి, పోలీసులకి, ఫ్యాక్టరీల శాఖకి తెలియజేశాం అన్న వాక్యం, తెలియజేశాకే నింపాలి. చివర్లో "తర్వాతి వివరాలు ఫలానా గంటకి" అని సమయం. ఆ గంటకి కొత్త సంగతేమీ లేకపోయినా "ఇంకా తెలియలేదు, మళ్లీ ఇన్నింటికి చెబుతాం" అని చెప్పాల్సిందే. ఆ గంట తప్పారంటే, అక్కడి నుంచి గేటు దగ్గర పుకారుదే రాజ్యం.

రాయకూడనివి కూడా ఆ కాగితం మీదే ఉండాలి. కారణం రాయకూడదు, మొదటి గంటలో చెప్పిన కారణం సాయంత్రానికి నిలవదు. "స్వల్ప ప్రమాదం" అనకూడదు, స్వల్పమో కాదో తేల్చేది డాక్టర్లు. మృతుల సంఖ్య పోలీసులో ఆసుపత్రి వాళ్లో చెప్పాకే, పేర్లు ఇంట్లోవాళ్లకి తెలిశాకే. "అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం" అనే వాక్యం కొట్టేయండి. ప్రజా సంబంధాలంటే 90 పాళ్లు చేత, 10 పాళ్లు మాట అని ఆర్థర్ పేజ్ పేరు మీద నడిచే సూత్రం. ఏటీ అండ్ టీలో 1927 నుంచి 1946 దాకా ఈ పనే చూసినాయన. ప్లాంట్ చేయని పనిని మన నోట్ చేసినట్టు రాస్తే అది రెండోరోజు దొరికిపోతుంది.

హైదరాబాద్‌లో చాలామంది మర్చిపోయేది ఇంకోటి. మీ ఫోన్‌లో ఉండేవన్నీ బిజినెస్ రిపోర్టర్ల నంబర్లు. పాశమైలారం గేటు దగ్గరికి ముందు చేరేది పటాన్‌చెరు, సంగారెడ్డి విలేకరులు, చానెళ్ల స్ట్రింగర్లు (వార్తకింత అని పనిచేసే స్థానిక విలేకరులు). ఆ జాబితా వేరే కట్టుకోండి, ఆర్నెల్లకోసారి సరిచూసుకోండి. కార్మికుల్లో ఒడిశా, బిహార్ వాళ్లు ఎక్కువ కాబట్టి కుటుంబాల కోసం పెట్టే ఫోన్ దగ్గర హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉండాలి. తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన మనిషిని కూర్చోబెడితే ఆ లైన్ ఉన్నా లేనట్టే. గేటు సెక్యూరిటీకీ, రిసెప్షన్‌కీ ఒక్క వాక్యం కంఠస్థం చేయించండి: "మా కమ్యూనికేషన్స్ వాళ్లు ఈ నంబర్‌లో మాట్లాడతారు." గేటు బయట నీడ, మంచినీళ్లు ఏర్పాటు చేయించండి. చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ఎండలో మూడు గంటలు నిలబెట్టిన కెమెరామన్ తీసే షాట్ వేరేలా ఉంటుంది.

ఎవరు ఎన్నింటికి ఏం చెప్పారో ఒక పుస్తకంలో గంట, నిమిషంతో రాస్తూ ఉండే పని టీమ్‌లో ఒకరికే అప్పజెప్పండి. ఏ వార్తయినా ఉద్యోగులకే ముందు తెలియాలి, బయటివాళ్లకి తర్వాత. ఈ వరస మారకూడదు.

ముప్పై_నిమిషాలు:

పాత_ప్రెస్‌నోట్ గారు చెప్పినదాంట్లో చివరి మాట, ఉద్యోగులకే ముందు అన్నది, ప్రమాదం విషయంలో ఒప్పుకుంటాను. లిస్టెడ్ కంపెనీలో ఫలితాలు, కొనుగోళ్లు, ఎంఓయూలు, సీఈవో మార్పు లాంటి వాటికి మాత్రం ఇది కుదరదు, మీదికి తెస్తుంది.

సెబీ నిబంధనల ప్రకారం బోర్డు మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లో నిర్ణయం స్టాక్ ఎక్స్‌ఛేంజీలకి చేరాలి. మార్కెట్ వేళలు దాటాక ముగిస్తే 3 గంటలు, 2024 డిసెంబర్ సవరణతో వచ్చిన వెసులుబాటు. బోర్డుతో సంబంధం లేని ముఖ్య సంగతులైతే కంపెనీ లోపల పుట్టినవాటికి 12 గంటలు, బయటి నుంచి వచ్చినవాటికి 24. ఏది ఎందులోకి వస్తుందో కంపెనీ సెక్రటరీ తేలుస్తారు, మీరు ఊహించకండి. కాబట్టి వరస ఇది: ముందు ఎక్స్‌ఛేంజీ సైట్‌లో కనబడాలి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ చేతికొచ్చిన ఐదు నిమిషాల్లో ఉద్యోగులకి మెయిల్, ఆ వెంటనే ప్రెస్. ఉద్యోగుల మెయిల్ ముందుగానే రాసి సిద్ధంగా ఉంచుకుంటే అయిదు నిమిషాలు చాలా ఎక్కువ.

ఫలితాల నోట్ చిత్తుప్రతి చూసే ప్రతి మనిషీ ఇన్‌సైడరే, అంటే షేరు ధరని కదిలించే సంగతి బయటికి రాకముందే తెలిసిన మనిషి. పేరు, పాన్ నంబర్ సహా కంపెనీ డిజిటల్ డేటాబేస్‌లో ఎక్కాలి. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వచ్చిన 48 గంటల దాకా వాళ్లు కంపెనీ షేరు ముట్టకూడదు. టీమ్ లీడ్‌గా ఇది మీ నలుగురికీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి, మెయిల్ పెట్టి వదిలేయకూడదు.

ఫార్మా కాబట్టి ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు తనిఖీ ముగించి వెళ్తూ ఫారం 483 చేతిలో పెట్టారనుకోండి. "తనిఖీ విజయవంతంగా ముగిసింది" అని నోట్ రాయమంటారు. రాయకండి. 483 అంటే ఇన్‌స్పెక్టర్లు గమనించిన లోపాల జాబితా, అది ఆఖరి తీర్పు కాదు. 15 పనిదినాల్లో జవాబివ్వాలి, ఎఫ్‌డీఏ ప్లాంట్‌ని ఏ వర్గంలో (చర్య అవసరమా, కాదా) పెట్టిందో ఆ తర్వాత తెలుస్తుంది. అందుకే ఏ ప్లాంట్, ఏ తేదీల్లో తనిఖీ, ఎన్ని పరిశీలనలు, గడువులోగా జవాబిస్తాం అన్నంత వరకే. "చిన్నవి", "విధానపరమైనవి" లాంటి విశేషణాలు మనం తగిలించకూడదు. ఆ 483 కాపీ తర్వాత బయటపడితే విశేషణం మన మెడకే చుట్టుకుంటుంది.

గచ్చిబౌలి_గువ్వ:

ఇద్దరికీ ధన్యవాదాలు. డేటాబేస్ సంగతిలో చిన్న సందేహం, బయటి పీఆర్ ఏజెన్సీ వాళ్లకీ వర్తిస్తుందా? మూడో ప్రశ్న అలాగే మిగిలింది.

ముప్పై_నిమిషాలు:

వర్తిస్తుంది. ఏజెన్సీలో ఆ ఫైలు తెరిచేది ఇద్దరైతే ఇద్దరి పేర్లూ ఎక్కాలి. అంతకన్నా మంచిది, అంకెలున్న చోట ఖాళీలు పెట్టి వాళ్లకిచ్చి, అంకెలు ఆఖర్న మీరే నింపడం.

కాదనే_కళ:

మూడో ప్రశ్నకి వస్తాను. "నేను రాయను" అని మొదలుపెడితే అది అహంకారాల పోరు అయిపోతుంది. "ఈ అంకెకి కాగితం ఎవరి దగ్గరుంది సార్?" అని అడగండి. ఎక్కువసార్లు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే సంతకం పెట్టే మనిషి దొరకడు. ఆగకపోతే రెండు వాక్యాలు రాసి తీసుకెళ్లండి, రెండూ నిజమే అయి ఉండాలి, ఒకటి కాస్త ఉత్సాహంగా, ఒకటి పొడిగా. పైవాళ్లకి ఎంచుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది, అబద్ధం ఆ రెంటిలోనూ ఉండదు. అయినా పట్టుబడితే కంపెనీ సెక్రటరీని, లీగల్‌ని కాపీలో పెట్టి నాలుగు లైన్ల మెయిల్: అడిగిన వాక్యం ఇది, ఆధారం దొరకలేదు, నా సూచన ఇది. ఆవేశం, నీతిబోధ వద్దు. ఆ తర్వాత కూడా వెళ్లాలంటే మీ పేరు, మీ ఫోన్ నంబర్ ఆ నోట్ కింద ఉండకూడదు.

చెప్పలేనిది చెప్పలేమనడం వేరు, కాదని అబద్ధమాడటం వేరు. మొదటిది విలేకరి అర్థం చేసుకుంటారు. రెండోది, మీ కంపెనీ మార్కెట్ విలువలో మొదటి 250 లిస్టెడ్ కంపెనీల్లో ఉంటే, మరీ ప్రమాదం. పుకారుతో షేరు బాగా కదిలితే 24 గంటల్లో అవుననో కాదనో చెప్పాల్సిన నిబంధన ఉంది.

మన ఊళ్లో ఈ పాఠానికి దూరం వెళ్లక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ తమ చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించింది, ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖలో నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివని బయటపడింది. ఆ రెండో సంగతి ఏ కమ్యూనికేషన్స్ మనిషి చేతిలోనూ ఉండదు. మొదటిది మాత్రం మన పనే: "దీనికి వాటాదారులు ఏమంటారు?" అని బోర్డు గదిలో ప్రకటనకి ముందు అడిగే మనిషి ఉండాలి. టీమ్ లీడ్‌గా మీ హోదా పెరగాల్సింది అటువైపు.

టీమ్ గురించి ఒక్క మాట. చెడ్డవార్త ఫోన్లు జూనియర్ చేత ఎత్తించకండి, మంచివార్త ఫోన్లు వాళ్ల చేతే చేయించండి. చాలా చోట్ల సరిగ్గా తిరగేసి ఉంటుంది. రాత్రి 9 తర్వాత డ్యూటీ వారానికి ఒకరికి, వంతులవారీగా. ఆ వంతులో మీ పేరూ ఉండాలి.

డెస్క్_దగ్గరి_మనిషి:

పైవన్నీ పెద్ద సంగతులు, పేపర్ వైపు నుంచి చిన్నవి చెప్తాను.

తప్పు వార్త పడితే ముందు రాసిన విలేకరికి, ఆయన పలకకపోతే బ్యూరో చీఫ్‌కి, ఏ పేరాలో ఏ మాట తప్పో, సరైనదేమిటో ఆధారంతో రాసి పంపండి. పేపర్ యాడ్ విభాగానికి ఫోన్ చేసి "వచ్చే నెల యాడ్లు ఆలోచిస్తాం" అనడం అన్నిటికన్నా చెడ్డ దారి. ఆ సవరణ వస్తుందో రాదో గానీ మీ కంపెనీ పేరు డెస్క్‌లో అందరికీ గుర్తుండిపోతుంది. ప్రెస్ మీట్‌లో కవర్లు పంచడం కూడా అంతే, పుచ్చుకున్నవాళ్లే మిమ్మల్ని నమ్మరు.

తెలుగు నోట్‌ని ఇంగ్లిష్ నోట్‌కి అనువాదంగా చేయించకండి. మిలియన్లు, బిలియన్లు కోట్లలోకి మార్చండి. ఎన్ని ఉద్యోగాలు, ఏ ఊళ్లో అన్నది మొదటి పేరాలోకి తెండి. సీఈవో మాట రెండు వాక్యాలు దాటొద్దు, "ఆనందంగా ఉంది" అనేది ఎలాగూ కొట్టేస్తాం. మొత్తం 250 మాటలు. యూనికోడ్‌లో వర్డ్ ఫైల్, పక్కన పీడీఎఫ్. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసి పంపితే ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గీతలు కనబడతాయి, మళ్లీ టైప్ చేసే తీరిక ఎవరికీ లేదు. ఫొటో కింద ఎడమ నుంచి వరసగా పేర్లు, హోదాలు. సాయంత్రం 5 దాటాక వస్తే బిజినెస్ పేజీలో చోటు కష్టం. ప్రెస్ మీట్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెడితే 11కి ముందు పెట్టకండి, ప్రెస్ క్లబ్ ఉన్న సోమాజిగూడ నుంచి ఆ ట్రాఫిక్‌లో రావాలి కదా.