చేపల తిండిని మనమే వలేసి పట్టొచ్చా? (నార్వే కాలనస్ వేట)

సముద్రపుపిచ్చోడు:
కాలనస్ ఫిన్మార్కికస్ అనే జంతు ప్లవకాన్ని (నీళ్లలో తేలాడే బుల్లి జీవి) పట్టడానికి నార్వే 2019లో 2,54,000 టన్నుల కోటా పెట్టింది. నూకగింజంత జీవి. దాని నూనె క్యాప్సూళ్లలోకి పోతోంది. హెర్రింగ్ చేప తినేది దాన్నే, కాడ్ చేప పిల్లలు బతికేది దాని పిల్లల మీదే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం కాదా ఇది? పైగా అంత సన్నకన్ను వలలో చేపగుడ్లూ పడతాయి.

లెక్కలమాస్టారు:
కంగారెందుకండీ? కోటాలో పట్టేది చిటికెడు. అక్కడ కాలనస్ కోట్ల టన్నుల్లో ఉంది. హెర్రింగ్, మాకెరెల్ మింగేదాని ముందు మన వల ఏపాటి?

ట్రోమ్సోపిల్ల:
మాస్టారూ, టన్నుల లెక్కే ముంచేది. కాలనస్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే ఒళ్లంతా గాజు, లోపల పొడుగునా మెరిసే నూనె తిత్తి. దాని అక్కచెల్లెలు లాంటి చలినీళ్ల కాలనస్ జాతి గ్లాసియాలిస్‌లో ఆ నూనె ఫిన్మార్కికస్ కన్నా పది రెట్ల దాకా ఉంటుంది. ఉత్తరధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్‌లో లిటిల్ ఆక్ పక్షులు పిల్లలకి ఏరి తెచ్చేది దాన్నే. నీళ్లు వెచ్చబడేకొద్దీ చిన్నదైన ఫిన్మార్కికస్ ఉత్తరానికి ఎగబాకుతోంది. సంఖ్య అంతే ఉన్నా కడుపు నిండదు. ఇంకో తమాషా: ఏళ్లతరబడి పొడవు కొలిచి జాతి రాసేవాళ్లు. డీఎన్‌ఏ చూస్తే చాలాచోట్ల పేర్లు తారుమారు!

లెక్కలమాస్టారు:
సరేనమ్మా, జాతి చూడాల్సిందే. కానీ సముద్రం నుంచి తెచ్చిన నమూనా సీసాలు లెక్కపెట్టేసరికి నెలలు గడుస్తాయి, ఈలోగా కోటా తేలిపోతుంది. ఎవరికి ఉపయోగం?

ట్రోమ్సోపిల్ల:
అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రం చూడండి. 2001–2005 వెచ్చటి ఏళ్లు. వేసవిలో పొల్లాక్ చేపపిల్లలు బోలెడు. వాటి తిండైన పెద్ద కోపిపాడ్లు (కాలనస్ లాంటి జీవులు) మాత్రం లేవు. ఒంట్లో కొవ్వు లేకుండా చలికాలంలోకి పోయిన పిల్లలు బతికి బయటపడలేదు. 2006లో దాదాపు 15 లక్షల టన్నులున్న పొల్లాక్ కోటా 2010కి 8.13 లక్షలు. అందుకే ఇప్పుడు అమెరికా వాళ్లు ఓడ మీదే గబగబా ప్లవకాల లెక్క ఒకటి తీస్తారు. పక్కా లెక్క తర్వాత వస్తుంది.

నిజాంపట్నంనాని:
అక్కా, మాకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలుండే చోటు చెబుతుంది, ఉపగ్రహంతో నీటి వేడీ పచ్చదనమూ చూసి. ఆ పచ్చదనాన్ని మేసే పురుగు మాత్రం పైనుంచి కనపడదుగా?

ట్రోమ్సోపిల్ల:
నార్వే లోఫోటెన్ దీవుల దగ్గర కనపడింది తమ్ముడూ! గుంపు ఎంత దట్టమంటే దాని ఎరుపుకి నీటి రంగే మారింది. అయితే చలికాలం వందల మీటర్ల కిందకి దిగి పడుకుంటాయి. అప్పుడు ఏ ఉపగ్రహమూ చూడలేదు, చేతులు కొంకర్లు పోతున్నా వల దించాల్సిందే.



సముద్రపుపిచ్చోడు:
అంతా బాగానే ఉంది, నా చేపగుడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం?