బుగ్గలు జారిపోతున్నాయి, హైఫూ (అల్ట్రాసౌండ్‌తో చర్మం బిగించే ట్రీట్‌మెంట్) చేయించుకోవచ్చా?

నాకు 49 అండి, పీరియడ్స్ ఆగి రెండేళ్లయింది, అప్పట్నించే మొహం బాగా మారిపోయింది, బుగ్గలు జారి ముక్కు పక్కనుంచి మూతి దాకా గీతలు పడ్డాయి. మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మాన్ని బిగుతుగా ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ దాదాపు 30 శాతం తగ్గుతుందట, అందుకేనేమో. రోజూ ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తున్నా, ముడతలకి వాడే రెటినాల్ క్రీమ్ బఠాణీ గింజంత రాసినా ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, ఆపేయాలా, మాయిశ్చరైజర్ మీద రాయాలా? సర్జరీ, ఇంజెక్షన్లంటే చాలా భయం. విజయవాడలో ఒక క్లినిక్‌లో హైఫూ చెప్పారు, అల్ట్రాసౌండ్ వేడికి లోపలి పొర బిగుస్తుంది, రెండు మూడు నెలలకి తేడా కనిపిస్తుంది అన్నారు. నాదసలే సన్నటి మొహం, ఉన్న కాస్త కొవ్వూ కరిగిపోతుందేమోనని బెంగగా ఉంది. దానికన్నా రేడియోఫ్రీక్వెన్సీ (రేడియో తరంగాల వేడితో చర్మం బిగించేది) నయమా? చామనఛాయ వాళ్లకి మచ్చలు పడతాయా? చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి, నెలాఖరులోపు డాక్టర్‌కి ఏదో ఒకటి చెప్పాలి.