పాడేరు కొండల్లో ఖాళీ అయిన ఊరు: 1969కి ముందు రికార్డు ఎక్కడ చూడాలి?

పాడేరు వైపు అడవిలో, ఏ దారీ లేని గట్టు మీద పాత ఊరి గుర్తులున్నాయి. రెండు వరుసల్లో ఇళ్ల పునాది రాళ్లు, నేలలో పాతుకుపోయిన రాతి రోలు, దాని గుంటలో నిండా చింతాకు రాలి ఉంది. చుట్టూ పెద్ద చింతచెట్లు, పనసచెట్లు. ఇవి అడవిలో వాటంతటవే మొలిచినవి కావు, వరుసగా నాటినవి.

సర్వే ఆఫ్ ఇండియా 65 జె/12 పాత షీటులో (మైలుకు అంగుళం కొలత పటం) ఆ చోట ఊరి పేరుంది, కొత్త షీటులో లేదు. సెన్సస్ గ్రామాల జాబితాలు 1951 నుంచి చూశాను, నిర్జన గ్రామాల్లో కూడా దొరకలేదు. అవి రెవెన్యూ గ్రామాలనే లెక్కిస్తాయి, కాబట్టి ఇది శివారు గూడెమై ఉండాలి. రెవెన్యూ కార్యాలయంలో అడిగితే, ముఠాల (ముఠాదారుల కింది ఊళ్ల గుంపుల) రద్దు రెగ్యులేషన్ (1969) తర్వాత జరిగిన సర్వే నుంచే కాగితాలున్నాయన్నారు. చుట్టుపక్కల గూడేల పెద్దలు ఒకరు మశూచి అంటారు, ఇంకొకరు పులి అంటారు. ఏదీ తేలలేదు.

నా అనుమానం రిజర్వు అడవి మీద. 1882 మద్రాసు అటవీ చట్టం సెక్షన్ 16 కింద రిజర్వు ప్రకటించేటప్పుడు హద్దులు రాస్తారు. లోపల ఊరుంటే దాన్ని ఎన్‌క్లోజరుగా (రిజర్వులో కలపకుండా విడిచిన చోటుగా) వదిలారో, లేపేశారో అక్కడే తెలియాలి.

విశాఖపట్నం ఏజెన్సీ రిజర్వుల పాత సెక్షన్ 16 ప్రకటనలు, హద్దుల వివరాలతో సహా, మామూలు పాఠకుడు చూడగలిగేది ఏ ఆర్కైవులో, ఏ పేరుతో అడగాలి?