అధిక బరువు ఉన్నవారికి మోకీలు మార్పిడి: ముందు బరువు తగ్గి తీరాలా?

ప్రశ్న:
మా అమ్మగారి వయస్సు 64 ఏళ్ళు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. రెండు మోకాళ్ళూ పూర్తిగా అరిగిపోయాయని, బరువు తగ్గితే తప్ప ఆపరేషన్ చేయలేమని డాక్టరు గారు చెప్పారు. నాలుగడుగులు వేయలేని మనిషి బరువు ఎలా తగ్గగలరు?

జవాబు:
మీరు చెప్పిన లెక్క ప్రకారం అమ్మగారి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత తగినదో చెప్పే సూచిక) సుమారు 41.5. అది 40 దాటినప్పుడు గాయం ఆలస్యంగా మానడం, కృత్రిమ కీలు చుట్టూ ఇన్ఫెక్షన్ చేరడం, దానివల్ల మళ్ళీ ఆపరేషన్ అవసరం కావడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి కనుకనే చాలామంది సర్జన్లు వెనకాడతారు. అయినా నొప్పి తగ్గడంలో, నడక మెరుగుపడటంలో బరువైనవారూ ఎంతో మేలు పొందుతారు. అందుకే, కేవలం ఫలానా బీఎంఐకి దిగేదాకా ఆపరేషన్ వాయిదా వేయవద్దని అమెరికాలోని కీళ్ళ వ్యాధుల నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2023 మార్గదర్శకాలు సూచించాయి. మరొక సర్జన్ అభిప్రాయం తప్పక తీసుకోండి.

మరో జవాబు:
షుగర్ ఉందేమో ముందు చూపించండి. అది అదుపులో లేకపోతే వాయిదా వేయడమే మంచిది. మా నాన్నగారు అన్నం సగానికి తగ్గించి, కుర్చీలో కూర్చునే తొడ కండరాల వ్యాయామాలు చేసి, ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గారు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. షుగర్ ఉంది, మూడు నెలల సగటు పరీక్ష రేపే చేయిస్తాను.