అగ్నిశిఖ దుంపను మందుగా పుచ్చుకోవచ్చునా?

ప్రశ్న: చెన్నైలో మా మేడ మీది అగ్నిశిఖ తీగ, ఆకుల కొనలతోనే కమ్మీని చుట్టుకొని పాకి, పసుపు నుంచి ఎరుపుకు తిరిగే పూలు పూసింది. దీని దుంపను అరగదీసి కీళ్లనొప్పికి పుచ్చుకోవచ్చునని పొరుగింటి పెద్దావిడ అంటున్నారు. నిజమేనా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. తమిళనాడు రాష్ట్ర పుష్పమైన ఈ తీగ దుంపలోనూ గింజల్లోనూ ఉండే కోల్చిసిన్ అనే విష పదార్థం గౌట్ అనే ఒక రకం కీళ్లవాపు‌కు మందే అయినా, దానిని మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. అరగదీసిన గంధంలో ఎంత ఉందో తూచేదెవరు? ఉడికించినా విషం పోదు.

మరో జవాబు: ఆయుర్వేదం దీనిని లాంగలి పేరుతో ఉపవిషాల్లో (కొంత తక్కువ తీవ్రత గల విషాల్లో) చేర్చి, గోమూత్రంలో శుద్ధి చేశాకే వాడమంటుంది. పొరపాటున తింటే కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గాయని ఊరుకుంటే తరువాత మూత్రపిండాలు, ఎముక మూలుగ దెబ్బతినవచ్చు కనుక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.