పాస్‌వర్డ్‌లు డైరీలోనా, యాప్‌లోనా?

చుక్కలలెక్క: మా నాన్నగారు పాస్‌వర్డ్‌లన్నీ డైరీలో రాసి బీరువాలో పెడతారు. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి అంటే, "అన్నీ ఒకే యాప్‌లో పెడితే ఒక్క తాళం పగలగొడితే చాలుగా" అంటున్నారు. మన పేరు మీద ఎవడో అప్పు తీసుకునే రోజులివి. ఎవరు రైటు?

పాతతాళం: నాన్నగారే. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ నుంచి కస్టమర్ల పాస్‌వర్డ్ ఖజానాల బ్యాకప్‌నే ఎత్తుకెళ్లారు. డైరీ కావాలంటే దొంగ ఇంటికి రావాలి.

రాత్రిబడి: పాతతాళం గారూ, సగమే చెప్పారు. అందులో పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రాతగా మారి ఉన్నాయి. మొత్తానికి తాళంలాంటి మాస్టర్ పాస్‌వర్డ్ పొడవుగా ఉంటే తెరవడం తేలిక కాదు. (సైట్ల అడ్రసులు మాత్రం ఎన్‌క్రిప్ట్ చేయలేదు, అది సిగ్గుచేటే.) డైరీతో చిక్కు దొంగ కాదు, బద్ధకం. చూసి టైప్ చేయాలంటే ఎవరైనా చిన్నదే పెడతారు, దాన్నే పది చోట్ల వాడతారు. ఒకచోట లీకైతే మిగతా సైట్లలో దాన్ని ప్రయత్నించి చూడటానికి ప్రోగ్రాములే ఉన్నాయి. పైగా నకిలీ సైట్ అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉన్నా యాప్ పాస్‌వర్డ్ నింపదు. మనమైతే చూసుకోకుండా కొట్టేస్తాం.

పాతతాళం: బద్ధకం మనిషిది, డైరీది కాదు.

మూడోమెట్టు: నాకు జరిగింది చెప్తా. ఎప్పుడో వదిలేసిన షాపింగ్ సైట్‌కీ, మెయిల్‌కీ ఒకటే పాస్‌వర్డ్. మెయిల్‌లోకి వచ్చినవాడు దేన్నీ చెరపలేదు, మార్చలేదు. సెర్చ్‌లో గుర్తింపు కార్డు అని కొట్టాడంతే. ఆ వెతుకులాట తర్వాత నాకే సెర్చ్ బాక్స్‌లో కనబడింది. అద్దెకు దిగేటప్పుడు ఓనరుకు పంపిన కార్డు ఫొటో, ముందూ వెనకా, మూడేళ్లుగా సెంట్ ఫోల్డర్‌లోనే పడి ఉంది. దాంతో నా పేరున అప్పు తీశాడు. వసూలువాళ్లు ఫోన్ చేసేదాకా నాకు తెలీదు. ఇప్పుడు ఎవరికి కాపీ ఇచ్చినా, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన అన్నది దాని మీదే అడ్డంగా రాస్తున్నా.

రాత్రిబడి: మెయిల్‌కి రెండో తాళం లేదా బ్రో?

మూడోమెట్టు: అప్పుడు లేదు. ఇప్పుడు లాగిన్ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టా. ఎస్సెమ్మెస్ ఓటీపీ మీద నమ్మకం లేదు. 2019లో ట్విట్టర్ సీఈఓ జాక్ డోర్సీ నంబరునే సిమ్ స్వాప్‌తో, అంటే వేరే సిమ్‌కి మార్పించుకుని, కొట్టేశారు.

పాతతాళం: జిరాక్స్ మీద రాయడం నాకూ అలవాటే. ఫోన్లో ఫొటో పంపేటప్పుడు మాత్రం ఎప్పుడూ రాయలేదు.

చుక్కలలెక్క: ఇప్పుడే నాన్నగారి మెయిల్‌లో సెంట్ తెరిచాం. కార్డు ఫొటోలు ఏడు. ఒకటి ఎవరికి పంపారో ఆయనకే గుర్తు లేదు. డైరీ గొడవ రేపు చూస్తాం.